పనిబట్టల మెసోబ్

వుబాలెమ్ పాత పనిబట్టలు అడుక్కోవడం మొదలుపెట్టినప్పుడు ఆమెకు మతిపోయిందనే అనుకున్నాం. బేరూత్‌లో మా వీధి నిండా ఇళ్ళల్లో పనికొచ్చిన మా ఇథియోపియా ఆడవాళ్ళమే. ఎవరి పెట్టె అడుగున చూసినా యజమానురాలు తొడిగించిన గులాబీరంగు గౌనో, నీలిగళ్ళ గౌనో మడతపెట్టి ఉంటుంది. ఆ ఇళ్ళలోంచి బయటపడ్డాక దాన్ని మళ్ళీ ఒంటిమీద వేసుకునేవాళ్ళు లేరు. అలాగని పారేసేవాళ్ళూ లేరు. ఎందుకు దాచుకుంటామో నన్నడక్కండి, నా దగ్గరా ఒకటుండేది.

వాటిని వేలెడు వెడల్పు పేలికలుగా చించి, బట్టలారేసే తాడు చుట్టూ బిగించి చుట్టి, దబ్బనంతో ఒక వరసను ఇంకో వరసకు కుట్టుకుంటూ ఆమె మెసోబ్ అల్లడం మొదలుపెట్టింది. ఇంజెర రొట్టె పరిచి అందరం చుట్టూ కూర్చుని తినే బుట్ట అది. మా వొల్లో సీమలో గడ్డితో అల్లుతారు. వుబాలెమ్‌కు వాళ్ళమ్మ యెషిమెబెత్ నేర్పింది. ఆమె అల్లిన మెసోబ్ కోసం పెళ్ళివాళ్ళు పక్క ఊళ్ళనుంచి వచ్చేవాళ్ళట. బేరూత్‌లో ఆ గడ్డి ఎక్కడ దొరుకుతుంది? ఇక్కడ దొరికేది మా గౌన్లే.

"మేడమ్ గారి బాత్రూం కడిగిన గుడ్డలతో రొట్టెలబుట్టా? రొట్టె నోట్లో పెట్టుకుంటే నురగొస్తుంది చూస్కో," అంది అబెయ్‌నెష్. మా కింది గదిలో ఉంటుంది. మంచి మనిషే గానీ నోట్లో నువ్వుగింజ నానదు.

వుబాలెమ్ నవ్వి ఊరుకునేది. అయితే గౌను ఇవ్వడానికి వచ్చిన ప్రతి మనిషినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒకే మాట అడిగేది: "ఇది ఎవరికోసం తొడుక్కున్నావు?" మొదట్లో అందరూ సిగ్గుపడేవాళ్ళు. తర్వాత నోళ్ళు తెరుచుకున్నాయి. ఒకామె అన్న పెళ్ళికోసమంది, ఆ పెళ్ళిలో తన పేరు కూడా ఎవరూ తలుచుకోలేదని చెప్పి ఏడ్చింది. ఇంకొకామె చెల్లెలి నర్సు చదువంది. ఆ చెల్లెలిప్పుడు ఆస్పత్రిలో పెద్ద నర్సట, పనిమనిషి అక్క ఫోన్ చేస్తే ఎత్తదట. చావుకబురులా వినిపించే ఆ మాటలన్నీ వింటూనే వుబాలెమ్ చేతులు ఆగేవి కావు. ఎవరి గౌను పేలికలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో ఆమె వేలు పెట్టి చూపించగలిగేది. నేను ఇచ్చిన నీలిగళ్ళ గౌను అడుగున మూడు చుట్లు వచ్చింది. ఆ గౌనులో నేను సంపాదించింది మా ఆయన రెండో పెళ్ళి చేసుకున్న ఇంటి గోడలకు సరిపోయింది. పోనీలెండి, ఇది నా కథ కాదు.

వుబాలెమ్ పంతొమ్మిదేళ్ళప్పుడు ఈ ఊరొచ్చింది. మొదటి ఇంట్లో గది తలుపుకి బయటనుంచి తాళం వేసేవాళ్ళు. నాలుగేళ్ళు ఓర్చి, ఒక ఆదివారం చెత్త పారబోయడానికి దిగి, ఆ చెత్తబుట్ట అక్కడే వదిలేసి పారిపోయి వచ్చింది. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. అప్పటినుంచి మాలాగే గంటల లెక్కన ఇళ్ళు తుడుస్తోంది. కాగితాల్లేని మనిషి ఈ దేశం విడిచి పోవచ్చు, మళ్ళీ అడుగు పెట్టే వీలు లేదు. అందుకే ఇంటికి వెళ్ళడం అంటే ఒక్కసారే వెళ్ళడం. ఇంట్లో వాళ్ళకీ ఆ సంగతి బాగా తెలుసు.

ఇంట్లో వాళ్ళంటే ముసలి తల్లీ, తమ్ముడు అస్మారె, వాడి పెళ్ళాం పిల్లలు. ఫోన్ అస్మారెది. తల్లి దానిలో రెండు దీవెనలు పలికి ఏడ్వడం మొదలుపెట్టేది. వాడు ఫోన్ తీసుకుని, "చూశావుగా, నువ్వు మాట్లాడితే ఆమెకి దుఃఖం ఆగదు, నేను చెప్తాలే," అనేవాడు. ఇంటికొచ్చేస్తానని వుబాలెమ్ అన్నప్పుడల్లా వాడు తల్లిని అడిగొచ్చి జవాబు చెప్పేవాడు. అమ్మ ఇప్పుడు రావద్దంటోంది, బావి తవ్వడం పూర్తికానీ. అమ్మ వద్దంటోంది, నా పెద్దది బడికి చేరనీ. పైకప్పు పడనీ. వుబాలెమ్ ఆ మాటలు నాకు చెప్పి, "చూశావా అక్కా, మా అమ్మది రాతిగుండె," అని నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

గురువారాలు ఆమె పనిచేసే ఇంటావిడ ఘిన్వా బొమ్మలు వేసే మనిషి. ఒకరోజు ఏదో ఇవ్వడానికి మా మెట్లెక్కి వచ్చి, సగం అల్లిన మెసోబ్ చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. తమ పేట ప్రదర్శనశాలలో దీన్ని పెడదామంది. వుబాలెమ్‌కు అర్థం కాలేదు. "మేడమ్, ఇది బుట్ట. దీన్ని ఎవరైనా వచ్చి చూస్తారా?" అంది. ఘిన్వా ఆ గులాబీరంగు చుట్లమీద చెయ్యి పెట్టి, "ఇవి మా ఇళ్ళలో బట్టలే కదా," అని మాత్రం అంది. మా వాళ్ళెవరూ ఏ యజమానురాలి నోటా అలాంటి మాట వినలేదు. ఆదివారం ప్రదర్శన మొదలవుతుందనీ, వచ్చినవాళ్ళకి వుబాలెమ్ తనే నాలుగు మాటలు చెప్పాలనీ ఏర్పాటైంది. గోడకి అంటించే కాగితంమీద ఏం రాయమంటావని అడిగితే వుబాలెమ్ తడుముకోకుండా చెప్పింది: ఇంటి దగ్గర ఎదురుచూస్తున్న మా అమ్మకు.

ప్రదర్శన ఇంకా నాలుగు రోజులుందనగా, బుధవారం, నేను ఒక ఇంట్లో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంటే అస్మారె ఫోన్ చేశాడు. వాడు నాకు ఫోన్ చేయడం అదే మొదలు. తల్లి మంగళవారం పోయిందని చెప్పాడు. అదే రోజు మట్టి కూడా చేసేశారట.

"అక్కా, దానికి చెప్పకు. ఒంటరిది, గుండె ఆగిపోతుంది."

"ఒంటరిదేంటిరా? నేను మనిషిని కానా?"

వాడు నీళ్ళు నమిలాడు. ఆ తర్వాత అసలు మాట బయటికొచ్చింది. చెప్తే అది మూట కట్టుకుని వచ్చేస్తుందట. వస్తే మళ్ళీ బేరూత్ పోవడం కుదరదు. పైకప్పు సగంలో ఉంది, పిల్ల కాలేజీలో చేరాలి. కొన్నాళ్ళు ఆగితే తనే మెల్లగా చెప్తాడట. అప్పటిదాకా అమ్మకి గొంతు వాచి మాట రావడం లేదని చెప్తానన్నాడు.

దాచడం మాకు కొత్తేమీ కాదు. పరాయి దేశంలో ఉన్న మనిషికి చావుకబురు ఫోన్‌లో చెప్పడం మాలో మహాపాపం. దానికో పద్ధతుంది. ఆ మనిషి పనికి పోకముందే, తెల్లవారుజామున, పెద్దవాళ్ళు నలుగురు కలిసి తలుపు కొడతారు. చుట్టూ కూర్చుని, పట్టుకోవడానికి చేతులు సిద్ధంగా పెట్టుకుని అప్పుడు చెప్తారు. మెర్దో అంటాం. ఆ నలుగురూ కుదిరేదాకా రోజులైనా సరే నోరు మెదపరు. అది దయతో పుట్టిన పద్ధతి. అస్మారె దాన్ని తన పైకప్పుకి ఆసరాగా పెట్టుకున్నాడు, అంతే. వాణ్ణి తిట్టి ఫోన్ పెట్టేశాను. కానీ నేనూ ఆలోచించాను. ఏడు నెలలుగా వేళ్ళు చిట్లేలా అల్లింది. ఆదివారం ఒక్కరోజు దాని పక్కన నిలబడనిచ్చి, సోమవారం తెల్లవారుజామున పెద్దవాళ్ళని తీసుకుని నేనే వెళ్ళి తలుపు కొడదామనుకున్నాను. వాడి కోసం కాదు. వాడి పైకప్పు కూలిపోతే నాకేం?

అయితే ఆ నాలుగు రోజులు ఎలా గడుస్తాయో నాకు తెలియలేదు. కక్కలేక మింగలేక తిరిగాను. అబెయ్‌నెష్‌కి చెప్తే వీధంతా తెల్లారేసరికి తెలిసిపోతుంది, అందుకని ఎవరికీ చెప్పలేదు. బుధవారం సాయంత్రం వుబాలెమ్ గదికి వెళ్తే మూతకి కొన అల్లుతూ, ప్రదర్శనలో చెప్పాల్సిన మాటలు అరబ్బీలో వల్లె వేస్తోంది. మా అమ్మ నాకు ఇది నేర్పింది. మా అమ్మకి డెబ్బై దాటాయి. మా అమ్మ నాకోసం ఎదురుచూస్తోంది. "ఎదురుచూస్తోంది అనే మాట సరిగ్గా పలుకుతున్నానా అక్కా?" అని అడిగింది. పలుకుతున్నావు అన్నాను. నీళ్ళు తాగొస్తానని బయటికొచ్చి మెట్లమీద కూర్చున్నాను.

గురువారం తల్లికి ఫోన్ చేసింది. గొంతు వాపన్నాడు. శుక్రవారం చేసింది. నిద్రపోతోందన్నాడు. పోనీ నిద్రపోతున్నట్టే ఫొటో తీసి పంపమంది. ఫోన్‌లో కెమెరా పాడైందన్నాడు. శనివారం నన్ను కాఫీకి పిలిచింది. పెనంమీద గింజలు వేయిస్తూ, వాటిని కదపడం మానేసి, నా మొహంలోకి చూసింది.

"అక్కా, నువ్వు బుధవారం నుంచి నా కళ్ళలోకి చూడట్లేదు. మా అమ్మకేమైనా అయిందా?"

"గొంతువాపుకి ఎవరైనా పోతారే? ముందు గింజలు చూడు, మాడిపోతున్నాయి."

"మరియమ్మ మీద ఒట్టెయ్యి."

"కాఫీగింజలకి మరియమ్మ మీద ఒట్టెయ్యమంటావేంటే?" అని కసిరాను. గింజలు నిజంగానే మాడాయి. ఆమె వాటిని పారేసి కొత్తవి పోసింది. నమ్మిందో లేదో నాకు తెలియదు. నమ్మాలని మాత్రం చాలా గట్టిగా ప్రయత్నిస్తోందని తెలిసింది. అది చూడలేక రెండో గిన్నె కాఫీకి ఆగకుండా లేచొచ్చేశాను. మూడోది తాగకుండా లేవడమే మాలో తప్పు. గుమ్మం దాకా వచ్చి సాగనంపింది గానీ ఆ మాట అనలేదు.

మా ఇంటికి లిఫ్ట్ లేదు. వుబాలెమ్‌ది అయిదో అంతస్తు. మెసోబ్ ఆమె భుజం ఎత్తు ఉంది, మెట్లేమో ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవలేనంత ఇరుకు. కిందికి దించాలంటే పదిమంది చేతులు కావాలి. దాన్ని ప్రదర్శనశాలకి చేర్చే వ్యాను అతను ఆదివారం పొద్దున కూరగాయల సరుకు దింపాలి కాబట్టి తెలతెలవారగానే వస్తానన్నాడు. అబెయ్‌నెష్ వీధిలో తిరిగి మనుషుల్ని పోగుచేసింది. అటునుంచి అటే చర్చికి పోయి, తర్వాత ప్రదర్శనకి వెళ్ళాలని అందరూ తెల్ల నెటెలా శాలువాలు కప్పుకుని వచ్చారు. వాళ్ళలో మా చర్చి పెద్దావిడ కూడా ఉంది. మోకాళ్ళ నొప్పితో కూడా, మూత నేను మోస్తానని పట్టుబట్టింది.

నాలుగో అంతస్తు మలుపులో వెనక్కి తిరిగి చూశాను. చీకటింకా విడలేదు. తెల్లబట్టల్లో ఆడవాళ్ళు, ముందు పెద్దావిడ, మెట్లు ఎక్కలేక ఎవరూ మాట్లాడడం లేదు. అచ్చం మెర్దోకి వస్తున్నట్టే ఉన్నాం. ఆగండని అనబోయాను. అప్పటికే అబెయ్‌నెష్ పైకి పోయి తలుపు కొట్టేసింది.

తలుపు తెరుచుకుంది. వుబాలెమ్ జుట్టు విరబోసుకుని ఉంది. మమ్మల్ని చూసింది. ఒక్కొక్కరి మొహమే చూసింది. పెద్దావిడ దగ్గర ఆమె చూపు ఆగింది.

"ఎవరు?" అంది. ఎవరు వచ్చారని కాదు. ఎవరు పోయారని.

అబెయ్‌నెష్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థం కాగానే పకపకా నవ్వింది. "నీ మొహం మండా, బుట్టకోసం వచ్చామే! వ్యాను కింద ఉంది." మిగిలినవాళ్ళకీ సంగతి తెలిసి, మెట్లమీద కిందిదాకా నవ్వులు దొర్లాయి. అయ్యో మేమెంత పిచ్చివాళ్ళం, ఇలా తెల్లారకుండా ముసుగులేసుకుని వచ్చామేంటని ఒకరినొకరు వేళాకోళం చేసుకున్నారు. పెద్దావిడ సిలువ గుర్తు వేసుకుని, నాకూ చావొచ్చినంత పనైందని నవ్వింది.

వుబాలెమ్ గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది. ఆమె కూడా నవ్వుతోంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతూ, కడుపు పట్టుకుని, ఊపిరి అందక నవ్వుతోంది. "చంపేశారే నన్ను. మా అమ్మే అనుకున్నాను. మా అమ్మే పోయిందనుకున్నాను." నాలుగు రోజులుగా ఆమె ఛాతీమీద ఉన్న బండ ఆ నవ్వులో దొర్లిపోవడం నా కళ్ళతో చూశాను. ఆ నవ్వునొక్కదాన్ని నేను భరించలేకపోయాను. ఏడుపైనా రేపటిదాకా దాచగలిగేదాన్ని గానీ, అబద్ధంమీద నిలబడిన ఆ సంతోషాన్ని ఇంకో నిమిషం సాగనివ్వడం నా వల్ల కాలేదు.

నేను నవ్వడం లేదని ఆమె చూసింది.

"వుబాలెమ్," అన్నాను, ఆమె పక్కన కూర్చుని, రెండు చేతులూ పట్టుకుని. "వీళ్ళు బుట్టకోసమే వచ్చారు. నేను మాత్రం దానికోసం రాలేదు."

మెట్లమీద నవ్వు ఒక్కో మెట్టూ దిగుతూ ఆగిపోయింది. అబెయ్‌నెష్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరూ చెప్పకుండానే అందరూ గదిలోకి వచ్చి నేలమీద కూర్చున్నారు, పెద్దావిడ వెనకనుంచి ఆమె భుజాలు పట్టుకుంది. మెర్దోకి కావలసిన వాళ్ళంతా ఉన్నారు. నేను చెప్పాను. మంగళవారమని చెప్పాను. వాడు ఫోన్ చేశాడని, నేను సోమవారం దాకా ఆగుదామనుకున్నానని కూడా చెప్పాను. కొట్టినా పడాలనుకున్నాను.

ఆమె కొట్టలేదు, ఏడవలేదు. పరుపుమీదున్న ఫోన్ తీసి తమ్ముడికి చేసింది. మాట అందరికీ వినపడేలా పెట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఆమె గొంతు ఎప్పటిలాగే ఉంది, దానికే నాకు భయం వేసింది.

"అస్మారె, అమ్మకి ఫోన్ ఇవ్వు."

"పడుకుందక్కా. గొంతింకా తగ్గలేదు."

"లేపు."

"డాక్టరు లేపొద్దన్నాడు."

"సరే, లేచాక చెప్పు, నేను వచ్చేస్తున్నానని."

వాడు పక్కకి పోయి ఎవరితోనో మాట్లాడినట్టు కొంత గుసగుస వినిపించింది. ఎవరితో మాట్లాడాడో దేవుడికే తెలియాలి. మళ్ళీ ఫోన్ దగ్గరికొచ్చాడు.

"అడిగానక్కా. అమ్మ ఇప్పుడు రావద్దంటోంది. పైకప్పు పడేదాకా ఆగమంటోంది."

వుబాలెమ్ ఫోన్‌ని ఒళ్ళోంచి తీసి మొహానికి దగ్గరగా పెట్టుకుంది.

"మంగళవారం మట్టిలో పెట్టిన మనిషి ఇవాళ నీతో ఎట్లా అంటోందిరా?"

వాడి జవాబుకి ఆమె ఆగలేదు.

"పోనీ ఇది చెప్పు. బావి అప్పుడన్నది అమ్మేనా? నీ కూతురి బడప్పుడన్నది? ఒక్కసారైనా ఆమె నోటితో అన్నదా, రావద్దని?"

వాడు అక్కా అన్నాడు. ఆ తర్వాత ఏడుపు మొదలుపెట్టాడు. లేదని చెప్పలేదు, అన్నదనీ చెప్పలేదు. ఆ ఏడుపే జవాబు. వుబాలెమ్ అప్పుడు ఫోన్‌ని నేలమీద పెట్టింది. గుండెలమీద కొట్టుకుంటూ తల్లిని పేరుపెట్టి పిలిచి ఏడ్వడం మొదలుపెట్టింది. గడ్డికోసం కొండెక్కినదానా, నా వేళ్ళకి నీ వేళ్ళు అతికించినదానా, నన్ను రమ్మని అడిగావేమో, ఆ మాట నాదాకా రాలేదే అని. మేమంతా ఆమెతో కలిసి ఏడ్చాం. మా వీధిలో సగం మందికి అలాంటి తమ్ముళ్ళే ఉన్నారు. అస్మారె ఫోన్ పెట్టేయలేదు. అంతా విన్నాడు.

కింద వ్యాను అతను హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. అబెయ్‌నెష్ కళ్ళు తుడుచుకుని, పంపించేస్తానని లేచింది. వుబాలెమ్ తల అడ్డంగా ఊపింది.

"బుట్టని తీసుకెళ్ళండి. అందరి గౌన్లూ ఉన్నాయి దాంట్లో, నా ఒక్కదానివే కాదు. ఆ గోడమీద కాగితం మాత్రం ఘిన్వా మేడమ్‌తో చెప్పి మార్పించండి. ఎదురుచూస్తోందని అక్కడెవరూ అనకండి. పోయిందని చెప్పండి."

ఎనిమిదిమంది మెసోబ్ ఎత్తుకున్నారు. పెద్దావిడ మూత పట్టుకుంది. మెట్లు దిగుతూ ఒకరినొకరు మెల్లగా హెచ్చరించుకోవడం చాలాసేపు వినిపించింది. గదిలో నేనూ ఆమే మిగిలాం. నేలమీద ఫోన్ ఇంకా వెలుగుతోంది. వుబాలెమ్ ముక్కు చీదుకుని, దాన్ని చేతిలోకి తీసుకుంది.

"అస్మారె, ఉన్నావా?"

"ఉన్నానక్కా."

"అమ్మ నలభయ్యో రోజు కర్మకి వస్తున్నా. ఈసారి అమ్మ వద్దంటోందని చెప్పలేవుగా."